పల్సార్ టైమింగ్‌లో మిగిలే తేడాలు: తప్పు మీ కోడ్‌దా, నక్షత్రానిదా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పల్సార్ అంటే వేగంగా తిరుగుతూ చుట్టుకోసారి మన వైపు రేడియో పల్సు విసిరే న్యూట్రాన్ నక్షత్రం. ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంక్ అబ్జర్వేటరీ వాళ్ళు ఇచ్చే క్రాబ్ పల్సార్ నెలవారీ పట్టిక నుంచి పదేళ్ళ డేటా తీసుకున్నారు. భ్రమణ వేగం ఒకటి, అది తగ్గే రేటు ఒకటి, ఈ రెండే పెట్టి పల్సులు ఎప్పుడెప్పుడు రావాలో లెక్కగట్టారు. చివర్లకు వచ్చేసరికి తేడా వంద సెకన్ల దాకా పోతోంది, గ్రాఫు పడుకోబెట్టిన ఎస్ అక్షరంలా ఉంది. పల్సార్లు అణు గడియారాల కంటే కచ్చితమని అందరూ అంటుంటే ఇదేమిటి, కోడ్ తప్పా, డేటా తప్పా అని మీ సందేహం.

రెండూ తప్పు కాదు. ఆ వంద సెకన్లను కంప్యూటర్ ముట్టుకోకుండా కాగితం మీదే రాబట్టొచ్చు, అక్కడ మొదలుపెడదాం.

క్రాబ్ ఇప్పుడు సెకనుకు సుమారు 29.6 చుట్లు తిరుగుతోంది, అంటే చుట్టుకు 33.8 మిల్లీసెకన్లు. రోజుకు 25 లక్షల చుట్లు దాటుతాయి. ఒక్కో చుట్టుకు పట్టే సమయం రోజుకు దాదాపు 36 నానోసెకన్ల చొప్పున పెరుగుతోంది. వినడానికి ఏమీ లేనట్టుంటుంది గానీ, ఈ తగ్గుదలను లెక్కలోకి తీసుకోకపోతే ఒక్క రోజులోనే మీ అంచనా ఒకటిన్నర చుట్ల దాకా తప్పుతుంది. అందుకే మీరు రెండో అంకె పెట్టారు, మంచిదే. అయితే ఆ తగ్గే రేటు కూడా స్థిరం కాదు, అదీ నెమ్మదిగా తగ్గుతోంది. ఆ మార్పే మూడో అంకె, దాని వల్ల వచ్చే తేడా మొదటి ఏడాదిలో 60 చుట్లు. కాలం ఘనంతో పెరుగుతుంది కాబట్టి పదేళ్ళకు 60 వేల చుట్లు. మీ ఫిట్, అంటే అంకెలను డేటాకు సరిపడేలా సర్దే పని, వేగాన్నీ, రేటునూ కాస్త అటూ ఇటూ జరిపి అందులో చాలా భాగాన్ని మింగేస్తుంది. మింగలేక చివర్లలో వదిలేసేది సుమారు 3 వేల చుట్లు. దాన్ని 33.8 మిల్లీసెకన్లతో గుణించండి, వంద సెకన్లు. ఎస్ ఆకారం కూడా మూడో ఘాతపు వక్రరేఖదే. అంటే పదేళ్ళ పొడవునా ఒక్క చుట్టు కూడా లెక్క తప్పకుండా మీ కోడ్ నడిచిందన్నమాట. తప్పి ఉంటే ఇంత నున్నటి గీత వచ్చేది కాదు.

మూడో అంకె కూడా కలిపి మళ్ళీ ఫిట్ చేయండి, ఎస్ పోతుంది. వేగాన్ని మూడో అంకెతో గుణించి, తగ్గే రేటు వర్గంతో భాగిస్తే వచ్చేదాన్ని బ్రేకింగ్ ఇండెక్స్ అంటారు. శూన్యంలో తిరుగుతూ శక్తి పోగొట్టుకునే ఒట్టి అయస్కాంతానికి అది 3 రావాలి. మీకు 2.5 దగ్గర్లో వస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే, క్రాబ్ విలువ అదే. వేలా అనే మరో పల్సార్‌కు 1.4 అని జోడ్రెల్ బ్యాంక్‌కు చెందిన ఆండ్రూ లైన్ బృందం 1996లో చెప్పింది. 3 ఎందుకు రాదన్నదానికి కణాల గాలి అనీ, అయస్కాంత క్షేత్రం మారుతోందనీ రకరకాల వాదనలున్నాయి, వాటిలోకి ఇప్పుడు వెళ్ళను.

ఎస్ పోయాక కూడా గ్రాఫు సున్నా మీద చదునుగా కూర్చోదు. ఇంకా వంకరలు మిగులుతాయి. మీ అసలు ప్రశ్నకు జవాబు అక్కడుంది. రెసిడ్యూయల్ అంటే, పల్సు నిజంగా వచ్చిన సమయంలోంచి రావాల్సిన సమయాన్ని తీసేయగా మిగిలింది. దాన్ని చెత్త అనుకుని ఎక్కువ పదాలున్న పాలినామియల్‌తో తుడిచేయాలని అందరికీ అనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఆ వంకర ఆకారాన్ని బట్టే బాధ్యులెవరో తెలుస్తుంది. నేను వెతికే వరుస ఎప్పుడూ ఒకటే: ముందు మన వైపు, తర్వాత దారి, చివరికే నక్షత్రం.

మన వైపు అంటే భూమి, గడియారం, యంత్రాలు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఒకే పల్సు ఏడాదిలో ఒకసారి ఎనిమిది నిమిషాల దాకా ముందుగా, మరోసారి అంతే ఆలస్యంగా మనకు చేరగలదు. అందుకే అన్ని సమయాలనూ సౌరకుటుంబపు గురుత్వ కేంద్రానికి మార్చుకుంటాం. మీ పట్టికలో సమయాలు ఆ మార్పు చేసినవే, మీకు ఆ తలనొప్పి లేదు. సొంతంగా టెలిస్కోప్ డేటా మీద పనిచేసేటప్పుడు మాత్రం ఇది పెద్ద గొయ్యి. ఆకాశంలో పల్సార్ స్థానాన్ని ఒక్క ఆర్క్‌సెకను (డిగ్రీలో 3600వ వంతు) తప్పుగా ఇచ్చినా, రెసిడ్యూయల్‌లో సరిగ్గా ఏడాదికోసారి పైకీ కిందికీ పోయే అల వస్తుంది. క్రాంతివృత్తం (ఆకాశంలో సూర్యుడు ఏడాదిలో తిరిగే దారి) దగ్గరున్న పల్సార్‌కైతే దాని ఎత్తు 2.4 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. ఆ అల ఏటేటా పెద్దదవుతుంటే పల్సార్ ఆకాశంలో కదులుతోందని అర్థం. సూర్యుడి గురుత్వం వల్ల 120 మైక్రోసెకన్ల దాకా ఆలస్యం ఉంటుంది, భూమి గడియారం ఏడాది పొడవునా 1.6 మిల్లీసెకన్ల మేర ముందువెనకలవుతుంది. టెంపో2, పింట్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఇవన్నీ చూసుకుంటాయి.

వాటికి మీరిచ్చే ఫైలు సరిగ్గా ఉండాలి మరి. 2016 చివర్లో లీప్ సెకను కలిపారు, మనకు అది 2017 జనవరి 1 ఉదయం 5.30కి ముందు పడింది. ఆ ఫైలు కొత్తది పెట్టుకోకపోతే మీ పల్సార్ ఆ తెల్లవారుజామున ఒక్క సెకను దూకినట్టు కనిపిస్తుంది. రికార్డు చేసే యంత్రం మార్చిన రోజున కూడా ఇలాంటి దూకుళ్ళే వస్తాయి, కొన్ని మైక్రోసెకన్ల నుంచి ఎంతైనా. గ్రాఫులో మెట్టు కనబడితే నేను ముందు అడిగేది ఆ వారం టెలిస్కోప్ దగ్గర ఏం మార్చారని.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం, ఈ గొయ్యిలో మహామహులే పడ్డారు. 1991లో జోడ్రెల్ బ్యాంక్ బృందం బి1829-10 అనే పల్సార్ చుట్టూ ఆరు నెలలకోసారి తిరిగే గ్రహం ఉందని నేచర్ పత్రికలో ప్రకటించింది. ఆరు నెలలు అంటే సరిగ్గా మన సంవత్సరంలో సగం, అనుమానం రావాల్సిన అంకె. పల్సార్ స్థానంలో కొంత తప్పు ఉంది, భూమి కక్ష్యను వృత్తంగా తీసుకుని చేసిన తొలి లెక్కలు అలాగే ఉండిపోయాయి, రెండూ కలిసి ఆరు నెలల అల పుట్టించాయి. 1992 జనవరిలో అట్లాంటాలో జరిగిన అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ సమావేశంలో ఆండ్రూ లైన్ లేచి, గ్రహం లేదని, తప్పు తమ లెక్కదేనని చెప్పారు. సభ చప్పట్లు కొట్టింది. అదే సమావేశంలో అలెగ్జాండర్ వోల్ష్‌చాన్ బి1257+12 అనే పల్సార్ చుట్టూ ఉన్న గ్రహాల గురించి మాట్లాడారు, అవి నిజమైనవే అని తర్వాత తేలింది. మన సౌరకుటుంబం బయట నమ్మకంగా దొరికిన మొదటి గ్రహాలు అవే, అవీ రెసిడ్యూయల్స్‌లోని వంకరల్లోనే దొరికాయి. అందుకే ఏడాది, ఆరు నెలలు, రోజు లాంటి ఆవర్తనాలు కనబడితే భూమి మీద అనుమానం పోయేదాకా నక్షత్రాన్ని ఏమీ అనకండి.

ఇక దారి. పల్సు మన దాకా వచ్చే దారిలో ఎలక్ట్రాన్లు ఉంటాయి, అవి తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలను ఎక్కువ ఆలస్యం చేస్తాయి. దారి పొడవునా ఉన్న మొత్తం ఎలక్ట్రాన్ల కొలతే మీ పట్టికలో డిస్పర్షన్ మెజర్ అనే కాలమ్. క్రాబ్‌కు అది 57కి కాస్త తక్కువ. దాని వల్ల 1400 మెగాహెర్ట్జ్ దగ్గర పల్సు 120 మిల్లీసెకన్లు ఆలస్యం, అంటే మూడున్నర చుట్లు. జోడ్రెల్‌లో క్రాబ్‌ను రోజూ చూసే 42 అడుగుల చిన్న టెలిస్కోప్ 610 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది, అక్కడ ఆలస్యం 600 మిల్లీసెకన్లు దాటిపోతుంది. ఈ కొలత కాలంతో మారుతుంటుంది, ఎందుకంటే క్రాబ్ చుట్టూ ఉన్న నెబ్యులాలోని వాయువు కదులుతూ ఉంటుంది. పైగా క్రాబ్ క్రాంతివృత్తానికి చాలా దగ్గర్లో ఉంది, ఏటా జూన్ మధ్యలో సూర్యుడు దాని పక్కనుంచే పోతాడు, అప్పుడు సౌరపవనం, అంటే సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహం కూడా కలుస్తుంది. రెండు ఫ్రీక్వెన్సీల్లో ఒకేసారి చూస్తే దారి వల్ల వచ్చిన తేడాను విడదీయొచ్చు. దారి తేడా ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది, నక్షత్రం తేడా మారదు.

ఇక నక్షత్రం.

నక్షత్రం చేసే అల్లర్లలో కొట్టొచ్చినట్టు కనబడేది గ్లిచ్. నెమ్మదిస్తూ పోతున్న పల్సార్ ఉన్నట్టుండి వేగం పుంజుకుంటుంది. మొదటిది 1969 ఫిబ్రవరి చివర, మార్చి మొదటి రోజుల మధ్య వేలా పల్సార్‌లో జరిగింది. ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోప్‌తో వి. రాధాకృష్ణన్, రిచర్డ్ మాంచెస్టర్ ఒకవైపు, అమెరికాలోని గోల్డ్‌స్టోన్‌ నుంచి రైక్లీ, డౌన్స్ మరోవైపు, విడివిడిగా పట్టుకున్నారు. రాధాకృష్ణన్ అంటే సి.వి. రామన్ గారి అబ్బాయి, తర్వాత బెంగళూరులో రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌ను చాలా ఏళ్ళు నడిపింది ఆయనే.

వేలా చుట్టుకు 89 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, అది రోజుకు సుమారు 11 నానోసెకన్ల చొప్పున పెరుగుతుంది. ఆ గ్లిచ్‌లో అది ఒక్కసారిగా దాదాపు 200 నానోసెకన్లు తగ్గిపోయింది. అంటే పద్దెనిమిది రోజుల పాటు నెమ్మదించినదంతా ఒక్కసారిగా వెనక్కి పోయింది. భాగాల్లో చెబితే పది లక్షల్లో రెండు వంతుల పైచిలుకు. ఇంత చిన్న మార్పు ఎలా తెలుస్తుంది అంటారేమో. పల్సార్ టైమింగ్‌లో మనం ఒక్కో చుట్టు సమయాన్ని కొలవడం కంటే చుట్లను లెక్కపెట్టడమే ఎక్కువ. పది లక్షల్లో రెండు వంతులే అయినా, సగం రోజు గడిచేసరికి వేలా మీ లెక్క కంటే ఒక పూర్తి చుట్టు ముందుంటుంది. గ్రాఫులో చూస్తే గ్లిచ్ రోజు దాకా చదునుగా ఉన్న గీత అక్కణ్ణుంచి కిందికి జారిపోతుంది, ఎందుకంటే పల్సులు రావాల్సిన దాని కంటే ముందుగా వస్తున్నాయి.

చిక్కు కూడా అక్కడే. గ్లిచ్ తర్వాత పది రోజులు మీరు చూడలేదనుకోండి. ఈలోగా పల్సార్ ఎన్ని చుట్లు అదనంగా వేసిందో తెలియదు, ఇరవై కావచ్చు, ఇరవై ఒకటి కావచ్చు. ఒక చుట్టు అటూ ఇటూ అయితే గ్లిచ్ పరిమాణం కొన్ని శాతం మారిపోతుంది. అందుకే ఈ పనికి పెద్ద టెలిస్కోప్ కంటే ఖాళీగా ఉన్న చిన్న టెలిస్కోప్ మేలని నా అభిప్రాయం. పెద్దదాని మీద నెలకు గంట దొరకడమే కష్టం. మన దేశంలో ఊటీ రేడియో టెలిస్కోప్, 530 మీటర్ల పొడవున కొండవాలు మీద పడుకున్న ఆ సిలిండర్, ఇలాంటి కాపలాకు బాగా పనికొచ్చింది. ఊటీతో, పుణె దగ్గర ఖోడద్‌లోని జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్‌తో కలిపి ఎనిమిది యువ పల్సార్లలో చూసిన గ్లిచ్‌లను 2020లో ప్రచురించారు. వేలా మనకు దక్షిణాన బాగా కింద ఉంటుంది. హైదరాబాద్ నుంచి చూస్తే ఎప్పుడూ 27 డిగ్రీల ఎత్తు దాటదు. ఊటీ ఇంకా దక్షిణాన ఉంది కాబట్టి అక్కడ కాస్త నయం.

కాపలా అంటే ఏ స్థాయిదో చెప్పడానికి 2016 డిసెంబరు 12 ఒక్కటి చాలు. టాస్మేనియాలో హోబార్ట్ దగ్గరున్న 26 మీటర్ల టెలిస్కోప్‌తో జిమ్ పాల్‌ఫ్రేమన్ బృందం వేలాను రోజుకు 19 గంటల దాకా వదలకుండా చూస్తూ, ఒక్కో పల్సునూ విడిగా రికార్డు చేస్తూ వచ్చింది. ఆ రోజు గ్లిచ్ వాళ్ళ కళ్ళముందే జరిగింది. మామూలు కంటే వెడల్పాటి పల్సు ఒకటి వచ్చింది, దాని వెంటనే రావాల్సిన పల్సు అసలు రాలేదు, ఆ తర్వాత రెండు పల్సుల్లో ధ్రువణం (తరంగాలు ఒకే దిశలో ఊగడం) బాగా పడిపోయింది. వేలా పల్సు ఎగ్గొట్టే రకం కాదు. వేగం పుంజుకోవడానికి పట్టిన సమయం పది పన్నెండు సెకన్ల లోపేనని తర్వాతి విశ్లేషణలో తేలింది. ఎక్కడో లోపల జరిగిన సంఘటన రేడియో పల్సు పుట్టే అయస్కాంత క్షేత్రాన్ని కూడా ఒక క్షణం కుదిపిందని దీన్ని బట్టి అర్థమవుతోంది. ఆ తర్వాత వేలాలో 2019 ఫిబ్రవరి 1న, 2021 జులై 22న, 2024 ఏప్రిల్ 29న గ్లిచ్‌లు వచ్చాయి. రెండు మూడేళ్ళకోసారి, పెద్దగా తప్పకుండా.

ఎందుకు వస్తాయి? మొదట్లో పైపొర పగలడం వల్ల అనుకున్నారు. నక్షత్రం నెమ్మదించే కొద్దీ దాని నడుము ఉబ్బు తగ్గాలి, గట్టి పైపొర తగ్గనివ్వదు, చివరికి పగులుతుంది, అప్పుడు కాస్త గుండ్రబడి వేగం పెరుగుతుంది. క్రాబ్‌లో వచ్చే చిన్న గ్లిచ్‌లకు ఇది సరిపోవచ్చు. వేలాలో మూడేళ్ళకోసారి అంత పెద్దది రావాలంటే పగలడానికి సరిపడా ఉబ్బే లేదు. 1975లో ఆండర్సన్, ఇటో వేరే దారి చెప్పారు. పచ్చి కోడిగుడ్డును బల్ల మీద తిప్పి, వేలితో ఒక్క క్షణం ఆపి వదిలేస్తే అది మళ్ళీ తిరగడం మొదలుపెడుతుంది, పెంకు ఆగినా లోపలి సొన ఆగలేదు కాబట్టి. పల్సార్‌లో కూడా మనకు కనబడేది పైపొర తిరుగుడే. లోపల న్యూట్రాన్లు ఏ ఘర్షణా లేని సూపర్‌ఫ్లూయిడ్‌గా ఉంటాయి. ఆ ద్రవం తిరగాలంటే దాని నిండా సన్నటి సుడులు ఉండాలి, అది నెమ్మదించాలంటే ఆ సుడులు బయటికి జరగాలి. పైపొరలోని అణుకేంద్రకాలు వాటిని పట్టుకుని కదలనివ్వవు. పైపొర నెమ్మదిస్తూ పోతుంది, లోపలి ద్రవం పాత వేగంతోనే ఉంటుంది. తేడా ఒక హద్దు దాటాక కోట్లాది సుడులు ఒక్కసారిగా ఊడి బయటికి జరుగుతాయి, లోపలి వేగం పైపొరకు అందుతుంది. అదే గ్లిచ్.

ఇక్కడ మీరే చేయగలిగిన లెక్క ఒకటుంది, నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే నచ్చేది ఇదే. వేలా ఒక్కో గ్లిచ్‌లో పద్దెనిమిది రోజుల తగ్గుదలను వెనక్కి తెచ్చుకుంటుంది. గ్లిచ్‌ల మధ్య సుమారు వెయ్యి రోజులు. అంటే మొత్తం తగ్గుదలలో రెండు శాతం లోపు భాగం ఇలా తిరిగొస్తోంది. కాబట్టి నక్షత్రపు జడత్వ భ్రామకంలో (తిరుగుడులో మార్పును ఎదిరించే గుణంలో) కనీసం అంత వాటా, మధ్యలో నెమ్మదించకుండా దాక్కున్న ద్రవానిది అయ్యుండాలి. ఇంత దూరంలో ఉన్న, పాతిక కిలోమీటర్ల వ్యాసం కూడా లేని వస్తువు లోపల ఏముందో పల్సులు లెక్కపెట్టి చెప్పగలుగుతున్నాం. పైపొరలోని సూపర్‌ఫ్లూయిడ్ వాటా సరిగ్గా అంతే ఉంటుందని చాలాకాలం అందరూ తృప్తిగా ఉన్నారు. 2012 ప్రాంతంలో వచ్చిన లెక్కలు ఆ తృప్తిని చెడగొట్టాయి. పైపొరలోని న్యూట్రాన్లను కేంద్రకాల అల్లిక తనతోపాటు లాక్కుపోతుందని, కాబట్టి స్వేచ్ఛగా ఉన్న ద్రవం అనుకున్నంత లేదని, లోపలి గర్భం కూడా పాలుపంచుకోవాల్సిందేనని అవి చెప్పాయి. ఆ వాదన ఇంకా తెగలేదు.

ఇదే లెక్క క్రాబ్‌కు చేసి చూడండి. దాని అతిపెద్ద గ్లిచ్ 2017 నవంబరులో వచ్చింది, పది లక్షల్లో సగం వంతు. క్రాబ్ ఎంత వేగంగా నెమ్మదిస్తుందంటే, ఆ అతిపెద్ద గ్లిచ్ తెచ్చిన వేగం కూడా సగం రోజు తగ్గుదలతో సమానం, అంతే. వేలా వయసు సుమారు 11 వేల ఏళ్ళు, క్రాబ్ 1054లో చైనా వాళ్ళు చూసిన సూపర్‌నోవాలో పుట్టింది, ఇంకా వెయ్యేళ్ళు నిండలేదు. బహుశా లోపల ఇంకా వేడిగా ఉండటం వల్ల సుడులు గట్టిగా అతుక్కోకుండా మెల్లగా జారుతూ పోతున్నాయని ఒక వివరణ. క్రాబ్‌లో ఇప్పటిదాకా ముప్పై దాకా గ్లిచ్‌లు నమోదయ్యాయి. అవి వచ్చిపోయాక వేగం చాలావరకు పాత దారికి వచ్చినా, తగ్గే రేటు మాత్రం కొంచెం పెరిగి అలాగే ఉండిపోతుంది. పదేళ్ళ గ్రాఫులో మీకు ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఈ శాశ్వత మార్పే.

గ్లిచ్‌లు తీసేశాక కూడా మిగిలే మెల్లటి వంకరల్ని టైమింగ్ నాయిస్ అంటాం. క్రాబ్‌లో ఇది ఉందని 1972 నుంచీ తెలుసు. పేరు నాయిస్ గానీ రేడియోలో వచ్చే గరగరలాంటిది కాదు, నెలలూ ఏళ్ళూ పట్టే అలలు, ఎంత ఎక్కువ కాలం చూస్తే అంత పెద్దవి కనిపిస్తాయి. చాలామంది దీన్ని గణాంకాల సమస్యగా చూసి, ఒక మోడల్ పెట్టి పక్కకు నెడతారు. 2010లో లైన్ బృందం సైన్స్ పత్రికలో రాసిన వ్యాసం తర్వాత నేను అలా చూడలేకపోతున్నాను. పదిహేడు పల్సార్లలో తగ్గే రేటు రెండు విలువల మధ్య అటూ ఇటూ మారుతోందని, వాటిలో ఆరింటిలో పల్సు ఆకారం కూడా దాంతోపాటే మారుతోందని చూపించారు. అంతకుముందు 2006లోనే బి1931+24 అనే పల్సార్ గురించి తేలింది. అది అయిదు నుంచి పది రోజులు వెలుగుతుంది, తర్వాత నెల దాకా పూర్తిగా ఆరిపోతుంది. వెలిగినప్పుడు యాభై శాతం ఎక్కువ రేటుతో నెమ్మదిస్తుంది. అంటే చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రంలో కరెంటు ప్రవాహం మారితే బ్రేకు కూడా మారుతోంది. నాయిస్ అనుకున్నదానిలో కొంతైనా నక్షత్రం రెండు స్థితుల మధ్య మారడమే. బి1828-11లో కనిపించే 500 రోజుల ఆవర్తనాన్ని మొదట నక్షత్రం అక్షం ఊగడంగా చెప్పారు, ఇప్పుడు ఈ స్థితుల మార్పు కూడా పోటీకి వచ్చింది.

ఇప్పుడు ఆ గడియారం సంగతి. అణు గడియారాల కంటే కచ్చితం అనే మాట చుట్టుకు కొన్ని మిల్లీసెకన్లే తీసుకునే మిల్లీసెకను పల్సార్లను చూసి పుట్టింది, తర్వాత వీడియోల్లో అన్ని పల్సార్లకూ అంటించేశారు. 1982లో దొరికిన బి1937+21 సెకనుకు 642 చుట్లు తిరుగుతుంది, దాని చుట్టు సమయం ఏడాదికి 3 పికోసెకన్లు మాత్రమే పెరుగుతుంది. ఇవి ముసలి నక్షత్రాలు, జంట నక్షత్రం నుంచి పదార్థం లాక్కుని మళ్ళీ వేగం పుంజుకున్నవి, అయస్కాంత క్షేత్రం బాగా తగ్గిపోయినవి. ఏళ్ళ తరబడి చూస్తే వీటిలో మేలైనవి మామూలు అణు గడియారాలతో సరితూగుతాయి. ఇప్పటి ఆప్టికల్ గడియారాలను మించుతాయని మాత్రం నేను అనను. ఇవీ పూర్తిగా బుద్ధిమంతులేమీ కాదు. బి1937+21లోనే టైమింగ్ నాయిస్ ఉంది. ఎం28 అనే నక్షత్రాల గుంపులోని మిల్లీసెకను పల్సార్‌లో చిన్న గ్లిచ్ కూడా పట్టుకున్నారు. అందరూ అతి నమ్మకంగా వాడే జె1713+0747 పల్సు ఆకారం 2021 ఏప్రిల్‌లో ఉన్నట్టుండి మారిపోయింది. ఆ మార్పును ముందుగా గమనించినవాళ్ళలో జీఎంఆర్‌టీతో పనిచేసే మన ఇండియన్ పల్సార్ టైమింగ్ అరే బృందమూ ఉంది.

ఆ బృందంలో ఐఐటీ హైదరాబాద్ కూడా భాగస్వామి, మీరు అక్కడికి దగ్గర్లో ఉంటే తెలుసుకోవడం మంచిది. వాళ్ళ ప్రత్యేకత తక్కువ ఫ్రీక్వెన్సీలు. డిస్పర్షన్ మెజర్ అంకె 0.0001 మారితే 1400 మెగాహెర్ట్జ్ దగ్గర తేడా 0.2 మైక్రోసెకను, 400 దగ్గర 2.6 మైక్రోసెకన్లు. అంటే దారిలోని మార్పును కొలవడానికి తక్కువ ఫ్రీక్వెన్సీలే సరైన చోటు. 2023 జూన్ చివర్లో యూరప్ బృందంతో కలిసి 25 పల్సార్ల డేటాతో గురుత్వ తరంగాల నేపథ్యానికి ఆనవాళ్ళు కనిపిస్తున్నాయని ప్రకటించింది కూడా వీళ్ళే. అదే రోజుల్లో అమెరికా, ఆస్ట్రేలియా, చైనా బృందాలూ తమ ఫలితాలు ఇచ్చాయి. అక్కడ వెతికేది వంద నానోసెకన్ల స్థాయి వంకరలు. ఒక పల్సార్ సొంత నాయిస్ మరో పల్సార్‌కు తెలియదు, గురుత్వ తరంగం మాత్రం అన్నిటినీ వాటి మధ్య కోణాన్ని బట్టి ఒక పద్ధతిలో కదుపుతుంది. ఆ పద్ధతిని హెల్లింగ్స్, డౌన్స్ 1983లోనే రాసిపెట్టారు.

మీ క్రాబ్ డేటాతో ఇప్పుడేం చేయాలంటే, పదేళ్ళనూ ఒకే ఫిట్‌లో కుక్కకండి. గ్లిచ్ తేదీల జాబితా జోడ్రెల్ వాళ్ళదే ఉంది, వాటి దగ్గర డేటాను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు మూడు అంకెలూ విడిగా రాబట్టండి. తర్వాత పల్సు సమయాలను పక్కన పెట్టి, పట్టికలో ప్రతి నెలా ఇచ్చిన తగ్గే రేటును (అది మైనస్ గుర్తుతో ఉంటుంది, కాబట్టి రేటు పెరిగితే గీత కిందికి పోతుంది) కాలంతో గీయండి. మూడో అంకె వల్ల వచ్చే తిన్నటి వాలును తీసేయండి. 2017 నవంబరు తర్వాత ఆ గీత ఎలా కిందికి పడి, ఎంత మేరకు తిరిగొచ్చిందో, ఎంత మేరకు రాలేదో కళ్ళకు కనిపిస్తుంది. రెసిడ్యూయల్ గ్రాఫులో దొరకని విషయం ఇక్కడ సులువుగా దొరుకుతుంది. డిస్పర్షన్ మెజర్ కాలమ్‌ను కూడా పక్కనే గీసుకోండి. సమయాల్లో వచ్చిన ఏ వంకరైనా దాంతో కలిసి నడుస్తుంటే దాన్ని నక్షత్రం ఖాతాలో వేయొద్దు.

పట్టిక 1982 నుంచి ఉంది, మీరు పదేళ్ళే తీసుకున్నారు. మిగతాది కూడా దించుకోండి, ఫైలు చాలా చిన్నది.